గాయాల ఆటగాణ్ణి వదులుకోవాలా, ఉంచుకోవాలా?

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరుండే ఊరి గురించి ఓ పావుగంట ఏదైనా చెప్పండి, ఉద్యోగం సంగతులు మాత్రం వద్దు" అన్నారు. నేనుండేది అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్ నగరం. అక్కడ ఉద్యోగం సంగతులు తీసేస్తే మిగిలేవి రెండే, చలి, హాకీ. చలి గురించి చెప్పడానికి ఏముంది, స్వెట్టర్ల లెక్క తప్ప! అందుకని హాకీ.

మన పాఠశాల మైదానంలో ఆడిన హాకీ కాదిది. ధ్యాన్‌చంద్ గారి హాకీతో దీనికి కర్ర ఒక్కటే చుట్టరికం. మంచు గచ్చు మీద స్కేట్లు కట్టుకుని, బంతికి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్లతో ఆడతారు. గోలీ కాక ఒక్కో వైపు ఐదుగురు. అంచుల వెంబడి దూసుకుపోయి గోల్స్ కొట్టేవాడు వింగర్. ఒకసారి దిగితే ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడి బయటికొస్తాడు, ఇంకొకడు దిగుతాడు. ఇలా అప్పట్లో సీజన్‌కు 82 ఆటలుండేవి. ఒళ్లు హూనం కాకుండా ఎలా ఉంటుంది?

నేను అక్కడికి చేరిన కొత్తలో మా ఆఫీసు భోజనాల బల్ల దగ్గర ఒకటే వాదన నడిచేది. మరియన్ గాబొరిక్‌ను ఉంచుకోవాలా, వేరే జట్టుకు ఇచ్చేయాలా? ఐపీఎల్ చూసేవారికి ఇది కొత్త కాదు. గుజరాత్ జట్టు కెప్టెన్ హార్దిక్ పాండ్యా 2024 సీజన్‌కు ముంబయికి వెళ్లిపోతే మన ఇళ్లలో కూడా ఎంత రచ్చ జరిగిందో గుర్తుందిగా. అక్కడ అది ఏడాది పొడుగునా జరిగే రచ్చ.

గాబొరిక్ స్లొవేకియా దేశస్థుడు. మిన్నెసోటా జనానికి వాడంటే ఎందుకంత ఇదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అక్కడ పూర్వం నార్త్ స్టార్స్ అనే జట్టుండేది. 1993లో యజమాని దాన్ని డాలస్‌కు తరలించుకుపోయాడు. ఊరు ఏడేళ్లు జట్టు లేకుండా ఉంది. 2000లో మిన్నెసోటా వైల్డ్ పేరుతో కొత్త జట్టు వచ్చింది. ఆ జట్టు మొట్టమొదట ఎంచుకున్న కుర్రాడు గాబొరిక్, అప్పటికి వాడికి 18 ఏళ్లు. జట్టు చరిత్రలో మొదటి గోల్ కొట్టింది కూడా వాడే. 2007 డిసెంబర్‌లో న్యూయార్క్ రేంజర్స్ మీద ఒకే ఆటలో ఐదు గోల్స్ కొట్టాడు. లీగ్‌లో అలాంటిది జరిగి అప్పటికి పదకొండేళ్లయింది.

ఇక రెండో వైపు. గజ్జల్లో కండరాలు పట్టేసేవి, తర్వాత తుంటి మొరాయించింది. 2005 నుంచి 2009 వరకు నాలుగు సీజన్లలో జట్టు ఆడిన ఆటలు 328. వాడు దిగినవి 207. అంటే 121 ఆటలు జీతం తీసుకుంటూ బయట కూర్చున్నాడు. ఆ 207 ఆటల్లో కొట్టిన గోల్స్ 123. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే వాదన ఎందుకు తెమలలేదో మీకే అర్థమవుతుంది.

డబ్బు సంగతి ఒకటుంది. 2005 నుంచి ఆ లీగ్‌లో ప్రతి జట్టు మొత్తం జీతాలకూ ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు. 2008–09లో అది 5.67 కోట్ల డాలర్లు. యజమాని ఎంత శ్రీమంతుడైనా అది దాటకూడదు. కాబట్టి ఒకరి జీతం పెరిగితే ఇంకొకరికి కోత పడాల్సిందే. ఇరవై మందికి పైగా ఉన్న పళ్లెంలో ఒక్కడికి ఎనిమిదో వంతు వడ్డించి, వాడేమో సగం రోజులు భోజనానికి రాకపోతే? మిగతావాళ్లు అర్ధాకలితో ఆడాలి.

2008 వేసవిలో వాడి ఒప్పందం ఇంకా ఒక్క ఏడాదే ఉంది. అంతకు ముందు సీజన్లో 77 ఆటలు, 42 గోల్స్. నేను, "ధర పలికేది ఇప్పుడే, ఇచ్చేయాలి" అన్నాను. ఆ ఫిబ్రవరిలోనే ఇంకో స్లొవేకియా వింగర్ మరియన్ హోసాను అట్లాంటా జట్టు అలాగే ఒప్పందం చివర్లో పిట్స్‌బర్గ్‌కు ఇచ్చేసింది. ఇద్దరు ఆటగాళ్లు, పైకొస్తున్న ఒక కుర్రాడు, ఒక మొదటి రౌండ్ ఎంపిక హక్కు దక్కించుకుంది. హోసా పిట్స్‌బర్గ్‌లో నాలుగు నెలలుండి వెళ్లిపోయాడనుకోండి, అది వాళ్ల ఖర్మ.

నా పక్క సీటాయన ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. ఆయన నా వైపు అదోలా చూసి, "ఒకసారి జట్టునే పోగొట్టుకున్నవాళ్లం. మా మొదటివాణ్ణి కూడా అమ్ముకోమంటావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. లెక్కల్లో కూడా ఆయన తీసిపోలేదు. "2006–07లో 48 ఆటల్లో 30 గోల్స్ కొట్టాడు. 82 ఆటలూ ఆడి పాతిక కొట్టేవాణ్ణి తెచ్చుకుంటే మనకేం లాభం? వీడు లేని రోజున ఆ చోటు ఖాళీగా ఉండదు కదా, ఇంకొకడు ఆడతాడు" అన్నాడు. నిజమే. గాయాల ఆటగాణ్ణి తూచేటప్పుడు చాలామంది ఈ సంగతి మరచిపోతారు. సరే, భోజనం పందెం వేసుకున్నాం.

జట్టు పెద్ద మొత్తం ఇవ్వజూపినా ఒప్పందం కుదరలేదు. సీజన్ మొదట్లోనే వాడు దెబ్బతిన్నాడు, 2009 జనవరిలో తుంటికి శస్త్రచికిత్స జరిగింది. మార్చి మొదట్లో ఆటగాళ్ల మార్పిడి గడువు వచ్చేసరికి వాడింకా కోలుకుంటున్నాడు. ఆ స్థితిలో పెద్ద ధర ఎవరిస్తారు? గడువు దాటాక తిరిగొచ్చి గోల్స్ మీద గోల్స్ కొట్టాడు. మొత్తం 17 ఆటల్లో 13. వైల్డ్ రెండే రెండు పాయింట్లతో ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. జూలై 1న వాడు న్యూయార్క్ రేంజర్స్‌తో ఐదేళ్లకు 3.75 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. మిన్నెసోటాకు బదులుగా ఒక్క ఆటగాడు కూడా రాలేదు. అప్పటికే కోచ్ తప్పుకున్నాడు, జనరల్ మేనేజర్ ఉద్యోగమూ పోయింది.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్తాను, క్షమించాలి. మన డ్రిల్లు మాస్టారు గారు ముందే కూర్చున్నారు కాబట్టి ధైర్యంగా అడుగుతున్నాను. మాస్టారూ, మేం పదో తరగతిలో ఉండగా జోనల్ కబడ్డీకి మన అసలైన రైడర్‌ను మీరు తీసుకెళ్లలేదు. వాడికి మోకాలు జారేది. మేమంతా బతిమాలాం, వాడు ఏడ్చాడు. మీరు వినలేదు. మొదటి ఆటలోనే ఓడి, తిరిగొచ్చే బస్సులో మిమ్మల్ని తిట్టుకుంటూ వచ్చాం. నిన్న రాత్రి వాడే చెప్పాడు. వాళ్ల నాన్న గారు మంచాన ఉన్నారట, ఆ ఏడు నాట్లకు ఇంట్లో ఉన్న కాళ్లు వాడివే రెండట. అది మీకొక్కరికే తెలుసట. మాకు అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది కదండీ!

మళ్లీ గాబొరిక్ దగ్గరకు. వాడి పని అయిపోయిందనుకున్నారా? న్యూయార్క్‌లో మొదటి ఏడాదే 42 గోల్స్. శస్త్రచికిత్స బాగా పనిచేసినట్టే. మూడో ఏడాది 82కి 82 ఆటలూ ఆడి 41 కొట్టాడు. 2013 ఏప్రిల్‌లో రేంజర్స్ వాణ్ణి కొలంబస్‌కు ఇచ్చి ముగ్గురు ఆటగాళ్లనూ ఒక ఎంపిక హక్కునూ తీసుకుంది. కొలంబస్‌లో మోకాలు, తర్వాత కాలర్‌బోన్. ఆ సీజన్లో అక్కడ ఆడింది 22 ఆటలు. 2014 మార్చిలో లాస్ ఏంజెలెస్ కింగ్స్ వాణ్ణి ఒక సాధారణ ఆటగాడికీ ఒకటి రెండు చిన్న ఎంపిక హక్కులకూ పట్టుకుపోయింది.

ఆ వసంతంలో వాడు ఒళ్లు చెక్కుచెదరకుండా 26 ప్లేఆఫ్ ఆటలు ఆడి 14 గోల్స్ కొట్టాడు. అందరికంటే ఎక్కువ. అనాహైమ్ మీద ఏడు సెకన్లుండగా స్కోరు సమం చేసి, అదనపు సమయంలో గెలిపించిందీ వాడే. ఫైనల్ ఎవరితోననుకున్నారు? న్యూయార్క్ రేంజర్స్‌తో. వాడికి బదులుగా రేంజర్స్ తెచ్చుకున్న ముగ్గురూ అవతలి వైపు ఆడారు. చివరి ఆటలో స్కోరు 2–2 చేసిన గోల్ వాడిది. కింగ్స్ స్టాన్లీ కప్ గెలిచింది. మరి ఆ బేరంలో నష్టపోయిందెవరు? ఫైనల్ దాకా రావడానికి ఆ ముగ్గురూ కారణమే కాబట్టి రేంజర్స్‌ది తప్పని నేననను.

కింగ్స్ మాత్రం ఆ సంబరంలో వాడికి ఏడేళ్ల ఒప్పందం ఇచ్చేసింది. అప్పటికి 32 ఏళ్లు. అది తప్పు. రెండేళ్లు తిరిగేసరికి గోల్స్ పన్నెండుకు దిగాయి. 2018లో వాణ్ణి ఒట్టావాకు పంపారు, అక్కడ వెన్నుకు శస్త్రచికిత్స జరిగాక మళ్లీ లీగ్‌లో ఆడలేదు. అసలు చిత్రం ఇంకోటుంది. దీర్ఘకాల గాయంతో ఉన్నవాడి జీతం మేరకు జట్టు ఆ గరిష్ఠ పరిమితి దాటవచ్చని అప్పటి నిబంధన. ఆ వెసులుబాటు కోసం 2020 డిసెంబర్‌లో టాంపా బే జట్టు, రెండేళ్లుగా ఆడని గాబొరిక్‌ను అడిగి మరీ తీసుకుంది, బదులు ఇద్దరు ఆటగాళ్లనూ ఒక రెండో రౌండ్ హక్కునూ ఇచ్చింది! 123 గోల్స్ కొట్టిన నాలుగేళ్లకు మిన్నెసోటాకు దక్కనిది, విరిగిన వెన్నుకు ఒట్టావాకు దక్కింది.

నన్నడిగితే ఇప్పటికీ నా మాట అదే. గాయాలున్నాయని కాదు, ఒప్పందం ఒక్క ఏడాదే మిగిలింది, వాడు మళ్లీ సంతకం పెట్టేలా లేడు కాబట్టి 2008లోనే ఇచ్చేయాల్సింది. రెండు మూడేళ్లు మిగిలి ఉంటే ఉంచుకోమనేవాణ్ణి, గాయాలతో సహా.

2014 జూన్‌లో కింగ్స్ కప్పు గెలిచిన రాత్రి, అర్ధరాత్రి దాటాక, నా పక్క సీటాయన ఫోన్ చేశాడు. "చూశావా, మనవాడు గెలిచాడు" అన్నాడు. మనవాడు మిన్నెసోటా వదిలి అప్పటికి ఐదేళ్లు. పందెం భోజనం ఎవరు పెట్టాలో ఇంకా తేలలేదు.