గ్రంథాలయమునకు మేర యెవరు కొలిచిరి?

(రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



గుండ్లకమ్మ పరిసరముల పల్లెలలో పూర్వము కళ్ళము నూర్చి రాశి పోసిన పిదప రైతు ధాన్యమును తిన్నగా ఇంటికి తోలుకొని పోయెడివాడు కాడు. వడ్రంగి వచ్చును, కమ్మరి వచ్చును, చాకలి, మంగలి, కుమ్మరి వత్తురు, చెరువునీరు పారించిన నీరుకట్టు వచ్చును. ఎవరి మేర వారికి కొలిచిన తరువాతనే బండి కదలెడిది. గుడికి ఈనాము, సత్రమునకు మాన్యము, చెరువు మరమ్మతునకు దశబంధము ఉండెను. తెలుగున దొరికిన తొలి పద్యశాసనములలో ఎన్నదగిన అద్దంకి పండరంగని శాసనము 848 ప్రాంతపుది. అందు దండనాయకుని విజయమే కాదు, దానమిచ్చిన నేల ప్రస్తావనయు కలదు. పండితులు తరువోజ గణములవద్ద ఆగుదురు. లెక్కలు వ్రాయువాడు నేలవద్ద ఆగును!

ఇన్ని మాన్యములలో, ఇన్ని మేరలలో, ఊరివారికి పుస్తకము ఎరువిచ్చువానికి ఒక్క మానెడు గింజలు లేవు. అడంగలులో అతనికి గడి లేదు. మరి పల్లెకు గ్రంథాలయమెట్లు వచ్చెను?

1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమువారి పూనికతో ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమైరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. కార్యభారము మోసినవారిలో ముఖ్యులు అయ్యంకి వెంకటరమణయ్యగారు. అప్పటికి ఆయనకు పాతికేండ్లైనను నిండలేదు. ఆ సభలో పుట్టిన సంఘమునకు ఖజానా లేదు, పలుకుబడి గల జమీందారీ లేదు. ఊరూర తిరుగు కాళ్ళు మాత్రముండెను.

నాలుగేండ్లకు, ఇచ్చటికి చేరువనే, చీరాలప్రక్కనున్న వేటపాలెములో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారును, ఆయన మిత్రులును 1918లో హిందూ యువజన సంఘమను పేర ఒక చిన్న గ్రంథాలయము నెలకొల్పిరి. అదియే సారస్వత నికేతనము. నేతగాండ్ర ఊరది. 1929లో మహాత్మా గాంధీ అక్కడ శంకుస్థాపన చేసిరి. ఆయన చేతికర్రను నేటికిని భద్రపరచి యున్నారు. చూడబోవువారందరు ముందుగా ఆ కర్రనే చూపుమందురు. అది సహజమే. కాని అంతకంటె ఆశ్చర్యకరమైనవి లోపలి అరలలోని పాత పత్రికల కట్టలు.

దినపత్రిక మరునాటికి పొట్లపు కాగితము. అంగడిలో మిరపకాయలు కట్టుటకు తప్ప దానితో పనిలేదని లోకాభిప్రాయము. అట్టి కాగితమును ఏ రోజుది ఆ రోజు తీసి, తేదీ క్రమము తప్పక అమర్చి, చెదలు తగులకుండ, వాన చినుకు పడకుండ, కొన్ని దశాబ్దములు కాచుట యెట్టి పని! చేసిన నాడు ఎవ్వరును మెచ్చుకొనరు. ఒక్క వానకాలము ఏమరినచో మరల దొరకదు. ఈ కట్టలకొరకు పరిశోధకులు దూరదేశములనుండి వేటపాలెమునకు వచ్చిరి. ఆ ఊరి యువకులు పోగుచేసినప్పుడు ఈ సంగతి వారి కలలోనైనను ఉండియుండదు.

అది చదువరి గ్రంథాలయమునకు వచ్చు పద్ధతి. గ్రంథాలయమే చదువరికడకు పోయిన ముచ్చట గుంటూరు మండలములోనే మరియొకటి కలదు. పెదపాలెము గ్రామవాసులైన పాతూరి నాగభూషణముగారు 1935లో పడవ గ్రంథాలయమును నడిపించిరి. కృష్ణా పశ్చిమపు కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ అది తిరిగెడిది. పల్లపు భూముల దారులు వానకాలమున ఎట్లుండునో చెప్పనక్కరలేదు. బండిచక్రము ఇరుసుదాక దిగును. కాలువ మాత్రము నిండుగా పారును. ధాన్యము పోవు దారినే పుస్తకము నేల పోరాదని ఆయన తలపోసి యుందురు. గట్టువెంబడి ఊళ్ళవారు పుస్తకము తీసికొని చదివి, పడవ మరల వచ్చినప్పుడు తిరిగి యిచ్చి వేరొకటి పుచ్చుకొనవచ్చును. కాలువ లేని అద్దంకి సీమ రేగడిలో అప్పుడు ఆ సౌకర్యము లేకపోయెను. సాగరు కాలువల నీరు ఈ వైపునకు వచ్చునప్పటికి పడవల కాలమే గతించినది.

తరువాత చట్టములు వచ్చినవి. 1948 నాటి మద్రాసు చట్టము ఇంటిపన్ను రూపాయికి ఆరు పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు విధించెను. అవి రూపాయికి నూటతొంబది రెండు వచ్చు పాత పైసలు. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము 1960లో వచ్చినది. ఏండ్ల తరబడి సంఘమునకు పెద్దదిక్కైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆ ఏటనే కన్నుమూసిరి. ఈ సెస్సును దొరతనమువారు బలవంతముగ రుద్దినారనుట తప్పు. ఉద్యమమువారే కోరి తెచ్చుకొన్నారు. చందాలతో నెట్టుకొనివచ్చిన గ్రంథాలయములు సంస్థాపకుని వెంటనే కాటికి పోవుట వారు కన్నులార చూచినవారు.

అనగా గ్రంథాలయమునకు తుదకొక మేర యేర్పడినది. అయితే కళ్ళముకడ కొలుచు మేరకును దీనికిని ఒక భేదము కలదు. ఆ మేరను పనిచేసినవాని కళ్ళయెదుట, పదిమంది చూచుచుండగా కొలుతురు. తక్కువైనచో అక్కడనే అడుగును. సెస్సు ఇంటిపన్నుతో కలిసి వసూలై, స్థానిక సంస్థ ఖాతాకు చేరి, అచ్చటినుండి జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవలెను. పలుచోట్ల ఆ నడిమి మజిలీలోనే బకాయిపడి యుండుట తెలిసినదే. ఇచ్చినవాడు ఇచ్చితిననియే అనుకొనును. పుస్తకము మాత్రము రాదు.

అంతకంటె పెద్ద నష్టమింకొకటి. పూర్వము చెరువు పూడిక తీయుట, కాలువ గట్లు వేయుట ఊరివారి కుడిమరామతు. ఇంటికొక మనిషి పారతో పోయెడివాడు. ఆ ఆచారము సడలుచుండగా 1858లో మద్రాసు రాజధానికై నిర్బంధ శ్రమ చట్టము వచ్చి, రానివారినుండి సొమ్ము రాబట్టు అధికారమును కల్పించెను. కుడిమరామతు బాగుపడెనా? క్రమముగా క్షీణించి, చెరువన్నది దొరతనమువారిదన్న మాట నిలిచిపోయెను. పుస్తకాల గదికిని అదే గతి పట్టుచున్నది. ఉద్యోగి బదిలీయైనచో తలుపు తెరువబడదు. ప్రక్కింటివానికి తాళము సంగతి పట్టదు. చట్టము జీతమీయగలదు, పుస్తకము కొనగలదు. మూడు నెలలనుండి రాని చందాదారుని గుమ్మముకడకు పోయి, 'ఏమన్నా, కనబడుటయే లేదేమి?' అని అడుగు కాళ్ళను అది ఈయజాలదు.

ఇంగ్లండునందు 1850లోనే గ్రంథాలయ చట్టమున్నది. అచ్చటి స్థానిక ప్రభుత్వములు 2010 తరువాత వ్యయము తగ్గించుకొనగా, పెక్కు పల్లెల శాఖలు మూతపడవలసి వచ్చెను. కొన్ని ఊళ్ళవారు, అందు పింఛను పుచ్చుకొనిన వృద్ధులే విశేషముగా, వంతులు వేసికొని తాళము తీయుచున్నారు. నూటయరువదేండ్ల చట్టము తరువాత వారును వేటపాలెపు యువకుల దారికే వచ్చినారు!

ఈ సీమకు తగిన వేళలును ఆలోచింపవలసియున్నది. మిరపకోతల నెలలలో పగలు ఊరిలో నిలుచువారు తక్కువ. ప్రత్తి తీతలకు ఆడువారు తెల్లవారుజామున పోయి ప్రొద్దుగ్రుంకి వత్తురు. వారికి పగటి వేళ తెరచిన తలుపు మూసిన తలుపుతో సమానమే. వంట ముగిసిన పిదప ఒక గంట దీపము పెట్టినచో చదువుకొను ఆడపిల్లలైనను వత్తురు. పుస్తకము ఇంటికి తీసికొనిపోయి తల్లికి వినిపింతురు.

సంచికలో దాతల పేర్లు అచ్చుపడినవి, పడవలసినవే. పెట్టె మోసినవాని పేరు, అట్టలకు మైదాజిగురు పూసినవాని పేరు అచ్చున కనబడుట అరుదు. వారిలో కొందరు ఈ పందిరి క్రిందనే వెనుక వరుసలో కూర్చుండి యున్నారు. తల నెరసినది, చూపు మందగించినది. రేపు పందిరి విప్పుదురు. ఎల్లుండి సాయంకాలము తాళపుచెవి ఎవరి మొలత్రాటికి ఉండవలెనో ఈ సభ ముగియకమునుపే తేల్చుకొనుట మంచిది.