మీ ఊరి పేరు కొడితే లైబ్రరీలో పుస్తకం ఎందుకు దొరకదు?

ఈ ఎపిసోడ్ ఒకమ్మాయి అడిగిన ప్రశ్న మీద. వాళ్ళది ఉద్దానం, కవిటి వైపు. పీజీ చేస్తోంది. వాళ్ళ నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మన శ్రీకాకుళం వాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఎటెళ్ళినా ఇంటికో కథ ఉంటుంది. 2023 డిసెంబర్‌లో పలాసలో రీసెర్చ్ సెంటర్, హాస్పిటల్ ప్రారంభించారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చే పథకం కూడా వచ్చింది. కానీ జబ్బు ఎందుకొస్తోందో ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఆ అమ్మాయి అడిగింది చాలా చిన్న విషయం. "అన్నా, మా ఊళ్ళో మా తాతల కాలంలో ఏ నీళ్ళు తాగేవాళ్ళు? బావివా, చెరువువా? బోర్లు ఎప్పుడొచ్చాయి? గవర్నమెంట్ ఎక్కడైనా రాసిపెట్టిందా? యూనివర్సిటీ లైబ్రరీకెళ్ళి కంప్యూటర్లో మా ఊరి పేరు కొడితే సున్నా వచ్చింది."

రాసిపెట్టింది. ప్రతి ఊరికీ రాసిపెట్టింది. ఆ పుస్తకం పేరు డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్. జనాభా లెక్కలు అయ్యాక ఒక్కో జిల్లాకి వేస్తారు. 1951 నుంచి వస్తున్నాయి. 1971 నుంచి మొదలుపెట్టి చూస్తే, ఊళ్ళ వారీగా ఒక పట్టిక కనిపిస్తుంది: బడి ఉందా, ఆస్పత్రి ఉందా, కరెంటు వచ్చిందా, పోస్టాఫీసు ఎంత దూరం, సంత ఏ రోజు, తాగే నీళ్ళు ఎక్కడివి. 1971, 81, 91, 2001, 2011. ఐదు పుస్తకాలు, ఒకే ఊరు, నలభై ఏళ్ళు. (2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడ్డాయి కాబట్టి అక్కడితో ఆగుతుంది.) ఐదూ పక్కపక్కన పెట్టి నీళ్ళ గడి ఒక్కటే చదువుకుంటూ వస్తే, బావి పోయి బోరు ఎప్పుడొచ్చిందో పదేళ్ళ తేడాలో తెలుస్తుంది. దాంతో జబ్బుకి కారణం దొరికిపోతుందని నేననడం లేదు. బోరు ఎంత లోతో, నీళ్ళలో ఏముందో ఆ గడిలో ఉండదు. కానీ "మా పెద్దాళ్ళు చెప్పారు" అనడానికీ, "1981లో ప్రభుత్వమే ఇలా రాసింది" అనడానికీ చాలా తేడా ఉంది కదా. రేపు థీసిస్‌లో పెట్టాలన్నా, కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలన్నా ఆ రెండో మాటే నిలబడుతుంది.

మరి కంప్యూటర్లో సున్నా ఎందుకొచ్చింది?

నేను బీటెక్ వాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తాను. మనకి ఊరే ప్రైమరీ కీ. లైబ్రరీకి కాదు. లైబ్రరీ కేటలాగ్‌లో పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు, సబ్జెక్టు ఉంటాయి. లోపలి పట్టికలో ఏ ఊళ్ళు ఉన్నాయో ఉండదు. ఇంకో చిక్కు, సర్కారు పుస్తకానికి రచయిత మనిషి కాదు, ఆఫీసు. 1961 పుస్తకమైతే సూపరింటెండెంట్ ఆఫ్ సెన్సస్ ఆపరేషన్స్ అని ఉంటుంది. 1971 నుంచి డైరెక్టర్ ఆఫ్ సెన్సస్ ఆపరేషన్స్. హోదా మారింది కాబట్టి కేటలాగ్‌లో రచయిత కూడా మారిపోయాడు! అట్ట మీద నంబర్లూ అంతే. 1981లో ఆంధ్రప్రదేశ్ సిరీస్ 2, 2011కి వచ్చేసరికి సిరీస్ 29. 1971లో హ్యాండ్‌బుక్ పదో భాగం, 1981లో పదమూడో భాగం, ఆ తర్వాత పన్నెండో భాగం. అన్నీ రోమన్ అంకెల్లో. ఎవరైనా ఇలా వెర్షన్ నంబర్లు పెడితే మా పాత టీమ్‌లో తిట్లు పడేవి.

అసలు తలనొప్పి వేరే ఉంది. ఊరు కదల్లేదు గానీ, దాని పైన ఉన్న జిల్లా, రాష్ట్రం కదిలాయి. పుస్తకాలన్నీ జిల్లా పేరుతోనే ఉంటాయి.

కవిటినే తీసుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. శ్రీకాకుళం పట్నం కూడా గంజాం జిల్లాయే. అందుకని 1882 నాటి మాల్ట్‌బీ గంజాం మాన్యువల్‌లో వెతకాలి, ఒరిస్సా పుస్తకం కదా అని వదిలేయకూడదు. 1936 నుంచి 1950 దాకా విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది. మరి 1951 హ్యాండ్‌బుక్? అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు, అది 1953 అక్టోబర్ 1న వచ్చింది. కాబట్టి 1951 శ్రీకాకుళం పుస్తకం మద్రాసు రాష్ట్రం కింద ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అని వెతికితే అది జన్మలో రాదు.

బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి వాళ్ళకి ఇంకా సరదా. 1971 వరకూ మీరు శ్రీకాకుళం పుస్తకంలో ఉంటారు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది కాబట్టి 1981 నుంచి విజయనగరం పుస్తకం. విజయనగరం పట్నం వాళ్ళు దానికి ముందు విశాఖపట్నం పుస్తకంలో ఉంటారు, అంటే 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీర్ కూడా విశాఖపట్నం పేరుతోనే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, కాబట్టి 1981 వరకూ తాలూకా పేరుతో, 1991 నుంచి మండలం పేరుతో చూడాలి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, రాజాం విజయనగరంలోకి వెళ్ళింది. కానీ మన చేతిలో ఉన్న ఆఖరి పుస్తకం 2011ది. అందులో రాజాం ఇంకా శ్రీకాకుళమే.

స్పెల్లింగ్ కూడా చూసుకోండి. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో శ్రీకాకుళాన్ని చికాకోల్ అంటారు. సి-హెచ్-ఐ-సి-ఎ-సి-ఒ-ఎల్-ఇ అని కొట్టాలి. విశాఖపట్నం వైజాగపటం అవుతుంది.

అందుకే లైబ్రరీకి వెళ్ళేముందు ఒక కాగితం మీద మీ ఊరు ఏ సంవత్సరంలో ఏ రాష్ట్రం, ఏ జిల్లా, ఏ తాలూకాలో ఉందో రాసుకోండి. పది నిమిషాల పని. ఒకసారి ఒక లైబ్రరీలో నేను ఊరి పేరు చెప్తుంటే అక్కడి పెద్దాయన ఆపేసి, "ఊరు తర్వాత బాబూ, ఏ సంవత్సరమో ముందు చెప్పు" అన్నారు. ఆయన రాక్ దగ్గరకి తీసుకెళ్ళడానికి రెండు నిమిషాలు పట్టలేదు. కంప్యూటర్లో ఎక్కని పాత పుస్తకాలు చాలా చోట్ల ఉంటాయి, వాటి ఆచూకీ ఇలాంటివాళ్ళ బుర్రలో ఉంటుంది. గవర్నమెంట్ పబ్లికేషన్స్ లేదా రిఫరెన్స్ సెక్షన్ ఎక్కడండీ అని మర్యాదగా అడగండి. బయటివాళ్ళైతే కాలేజీ నుంచి ఒక లెటర్, ఐడీ పట్టుకెళ్ళండి. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ మనకి దగ్గర. 2008లో మొదలైంది కాబట్టి బాగా పాతవాటికి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో అడగడం మంచిది. మద్రాసు కాలంవి అయితే చెన్నై కన్నెమరా.

"అన్నా, ఇవన్నీ ఆన్‌లైన్‌లో పీడీఎఫ్ ఉంటాయిగా" అంటారు. సెన్సస్ వాళ్ళ వెబ్‌సైట్‌లో డిజిటల్ లైబ్రరీ ఉంది, ముందు అక్కడే చూడండి, బస్సు ఛార్జీ మిగుల్తుంది. కాకపోతే పాతవి స్కాన్ చేసిన బొమ్మలు, ఊరి పేరు సెర్చ్ చేస్తే చాలాసార్లు దొరకదు. పైగా వెబ్‌సైట్ ఉందంటే ఎప్పటికీ ఉంటుందని కాదు. 2021 ఆగస్టులో మన రాష్ట్రంలో జీవోలు వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు, మళ్ళీ మొదలుపెట్టింది 2024లో. రాక్‌లో ఉన్న పుస్తకానికి ఆ భయం లేదు. చెదలు భయం ఉంది, అది వేరే ఎపిసోడ్.

పుస్తకం చేతికొచ్చాక రెండు జాగ్రత్తలు. ఒకటి, అందులో ఉండేది రెవెన్యూ గ్రామం. ఉద్దానంలో మనం ఊరు అనుకునేవి చాలా వరకు శివారు పేటలు, వాటికి విడిగా లైన్ ఉండదు. పట్టాదారు పాసుబుక్‌లో గ్రామం అని ఏ పేరుందో అది చూడండి. రెండోది, నీళ్ళ గడిలో మాట ఉండదు, అక్షరం ఉంటుంది. డబ్ల్యూ అంటే వెల్ అని తేలిగ్గానే తెలుస్తుంది. టి అంటే ట్యాంకా, ట్యాపా? ఊహించకండి. ట్యాంక్ అంటే చెరువు, ట్యాప్ అంటే కుళాయి, మొత్తం కథే తిరగబడిపోతుంది. ఆ పుస్తకంలోనే ముందు పేజీల్లో వివరణ ఉంటుంది, ఐదు పుస్తకాలకీ విడివిడిగా చదవండి.

ఫోటో తీసుకోవచ్చా అని అడిగి తీసుకోండి. మొదట టైటిల్ పేజీ, తర్వాత అక్షరాల వివరణ, ఆ తర్వాత మీ ఊరి పేజీ, పేజీ నంబర్ కనిపించేలా. ఫైల్ పేరులో సంవత్సరం పెట్టండి. ఫోన్ ఫుల్ ఛార్జింగ్‌తో వెళ్ళండి, రాక్‌ల మధ్య ప్లగ్ పాయింట్ ఉండదు.