వయ్యారిభామ - ఒక గుమాస్తా లెక్క

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. నేను ఒక కలుపు మొక్క గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను. ఖాళీ స్థలాల్లో, కాలువ గట్ల మీద, రోడ్ల పక్కన క్యారెట్ ఆకులాంటి ఆకులతో, చిన్న తెల్లపూలతో కనిపించే వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. పేరు ముద్దుగా ఉంది గాని గుణం మంచిది కాదు.

ఇది మన దేశపు మొక్క కాదు. పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. 1955లో పూణెలో దీన్ని గుర్తించారు. దిగుమతి గోధుమలతో పాటు విత్తనం వచ్చిందని చెబుతారు. ఆ తరువాత లారీ చక్రాలకు అంటిన బురదలో, వాన నీటిలో, పశువుల ఎరువులో ప్రయాణించి దేశమంతా పాకింది. మొలిచిన నెల, నెలన్నరలో పూస్తుంది. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. అవి మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి. మనం బతికున్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవాలి. ఇది ఎవరూ అడగకుండానే తొలకరికి ఇస్తుంది!

పక్కన మరో మొక్కను ఎదగనివ్వదు. పశువులు తింటే పాలు చేదెక్కుతాయి. మనుషులకు ఉబ్బసం, చర్మవ్యాధి తెస్తుంది. ఈ చివరిది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నాలుగేళ్లపాటు నా మెడ, కనురెప్పలు, మోచేతి మడతలు ఎర్రబడి, తోలు మందమై, రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. సబ్బులు మార్చాను, వంకాయ మానేశాను. చివరకు ఒక డాక్టరుగారు, "మీ ఇంటి చుట్టూ ఏముంది?" అని అడిగారు. మా ప్రహరీ అవతల రెండు ఖాళీ ప్లాట్ల నిండా ఇదే. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ గుణం దాదాపు జీవితాంతం ఉంటుందట.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1990 దశకంలో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఆవరణ కలుపు తీయించే ఫైలు నా సీటులోనే ఉండేది. జూలైలో నోటు పెట్టేవాణ్ణి. కొటేషన్లు, మంజూరు, బడ్జెట్ అయ్యేసరికి అక్టోబరు వచ్చేది. అప్పటికి మొక్క పూసి, కాసి, విత్తనం రాల్చేది. కూలీలు ఎండు మొక్కలు కొట్టి ఈడ్చుకుపోతుంటే మిగిలిన విత్తనం ఆవరణంతా చల్లినట్లయ్యేది. "పని సంతృప్తికరముగా పూర్తయినది" అని రాసి బిల్లు ట్రెజరీకి పంపేవాణ్ణి. వరుసగా ఆరేళ్లు అదే విస్తీర్ణానికి అదే పని. ఆడిట్ వారు వోచర్లు చూశారు, సంతకాలు చూశారు. తీసేసిన మొక్క మళ్లీ ఎలా వచ్చిందని వారు అడగలేదు, నేను రాయలేదు.

నాకు తెలియక కాదు. మా తోటమాలి మొదటి ఏడాదే చెప్పాడు: "పూత రాకముందు పీకితే నేనొక్కణ్ణి చాలు సార్. పూసినాక పదిమంది వచ్చినా దండగే." నవ్వి ఊరుకున్నాను. లెక్కలో పైసా తేడా లేదు. ఖర్చు మాత్రం ప్రతి పైసా వృథా. ఖర్చుకు రిజిస్టరు పెట్టాం గాని మొక్కకు పెట్టలేదు.

అందుకని ఇప్పుడు ఆ రిజిస్టరు పెడదామని నా ప్రతిపాదన. వీధికొక సభ్యుడు, ఒక నోటు పుస్తకం. స్థలం, మొక్క కనిపించిన తేదీ, పూత ఉందా లేదా, తీసిన తేదీ, మళ్లీ వెళ్లి చూసిన తేదీ. ఈ ఆఖరి గడి ఖాళీగా ఉంటే పని పూర్తి కానట్లే. ఒక వానకు మొలిచినవి తీస్తే, తరువాతి వానకు ఇంకొన్ని మొలుస్తాయి. మూడు వారాలకోసారి చూడాలి.

నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. నాలాంటి పడనివారు దగ్గరికి పోకుండా పుస్తకం రాస్తే చాలు. పూత రాని మొక్కను కంపోస్టు చేయవచ్చు, పూసినదాన్ని వేయకూడదు. తీసిన చోట తగిరిస గింజలు చల్లితే అది గుబురుగా పెరిగి దీన్ని అణచివేస్తుంది. మెక్సికో నుంచి తెచ్చిన ఒక పెంకు పురుగును 1984లో బెంగళూరులో విడిచారు. అది వానాకాలంలో దీని ఆకులు తిని మోడు చేస్తుంది. కాని పొడి కాలంలో నేలలో దాగి నిద్రపోతుంది గనుక భారమంతా దానిమీద వేయలేము.

జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామ అవగాహన వారం జరుగుతుంది. మనం అంతదాకా ఆగకుండా తొలకరి పడిన మూడో వారమే మొదలుపెడదాం. దీనికి మంజూరు ఉత్తర్వులు అక్కర్లేదు. ప్లాటు యజమానిని ఒక మాట అడిగితే చాలు.

మా వీధి పుస్తకం నేను ఇప్పటికే కుట్టించాను. మిగతా వీధులకు పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.