పసిబిడ్డల ఊపిరి లెక్క
(మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలి ప్రసంగం)

నేను పదో తరగతి వరకే చదివాను, తప్పుంటే మన్నించండి.

మా చిన్నోడికి ఎనిమిదో నెలలో దగ్గు పట్టింది. ఒళ్లు పెద్దగా కాలడం లేదు కదా అని మూడు రోజులు దిష్టి తీస్తూ కూర్చున్నాం. నాలుగో రోజు పొద్దున ఆశా అక్క వచ్చింది. వాడు నిద్రపోతుంటే చొక్కా పైకెత్తి, సెల్లులో టైము పెట్టుకొని, పొట్ట కదలడమే చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి 58. "ఇప్పుడే బయల్దేరు" అంది. చేతిలో డబ్బుల్లేక సాయంత్రం దాకా ఆగాను. అప్పటికి వాడు పాలు తాగడం మానేశాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు రెండో తరగతి చదువుతున్నాడు గానీ, ఆ పూట నేను మర్చిపోలేదు. పొద్దున్నే పోయుంటే నోటి మందుతోనే తగ్గేదేమో.

ఆ లెక్క ఆశా అక్క సొంతం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తయారుచేసిన పద్ధతి. మన దేశంలో ఐఎంఎన్‌సీఐ అంటారు. ఎక్స్‌రే లేని ఊళ్లో కూడా నిమోనియాను అనుమానించడానికి పెట్టారు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, అక్కణ్ణించి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. అంత ఉన్నా, దాటినా ఊపిరి వేగంగా ఉన్నట్టే. నిమిషం నిండా లెక్కపెట్టాలి. ఏడుస్తుంటే లెక్క పనికిరాదు. ఏమీ తాగలేకపోయినా, తాగిందంతా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడున్నా మాత్రం లెక్క కోసం ఆగొద్దు, ఆస్పత్రికే.

ఇందులో లోటు లేదా అంటే ఉంది. జ్వరం ఎక్కువైనా, ఉబ్బసం ఉన్నా ఊపిరి వేగం పెరుగుతుంది. నిమోనియా లేని పిల్లలూ ఇందులో పడతారు. "అంత దూరం పోతే ఏమీ లేదన్నారు, నా కూలి పోయింది" అని మా ఊరి వదిన ఒకామె ఆశా అక్క మీద కేకలేసింది. ఆమె కోపం న్యాయమే. అయినా నేను లెక్క వైపే ఉంటాను. కూలి సంగతి సంఘం చూసుకోవచ్చు కదా!

అందుకే మా గ్రామ సంఘంలో తీర్మానం రాశాం. ఐదేళ్ల లోపు బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లమంటే మీటింగు దాకా ఆగకుండా, ఇద్దరు లీడర్ల సంతకంతో 2,000 రూపాయలు అప్పు ఇవ్వాలి. 108 ఉచితమే, తిరుగు బండికీ అక్కడ తిండికీ డబ్బు కావాలి. ఈ ఏడు ముగ్గురికి ఇచ్చాం. అందులో ఒక బిడ్డకు జబ్బేమీ లేదన్నారు. ఆ తల్లి దగ్గర వడ్డీ తీసుకోలేదు. ఇదే తీర్మానం అన్ని గ్రామ సంఘాలూ వచ్చే మీటింగులో రాయాలని అడుగుతున్నాను.