మాఘమాసపు మంచు – ఏటి ఒడ్డు రైతు



నాగులేటి ఒడ్డున కాపురముండేవారు మాఘం వచ్చిందని పంచాంగం చూచి తెలుసుకోనక్కరలేదు. తెల్లవారుజామున ఏటి మీద పొగమంచు లేస్తుంది. కారెంపూడి, దాచేపల్లి మీదుగా కృష్ణకు పోయే ఈ ఏరు అప్పటికి సన్నబడి, బండల నడుమ మడుగులుగా నిలుస్తుంది. మడుగుల అంచున జిట్టంగి పిట్టలు తోక ఊపుకుంటూ పరుగెత్తుతుంటవి. వీటిలో చాలామట్టుకు ఉత్తరాది నుంచి చలికాలానికి వచ్చి, ఎండలు ముదరగానే తిరిగిపోయే చుట్టాలు.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు పెద్దలు. నిజమే గాని, పోయేముందు మిరప రైతుకు ఒక పరీక్ష పెట్టి మరీ పోతుంది. ఆ సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రాత్రి, నేల తన వేడిని పైకి వదిలివేస్తుంది. చల్లబడ్డ నేలకు తగిలిన గాలిలోని తేమ బొట్లుగా మారుతుంది. అదే మంచు. ఏటి పక్కన తేమ ఎక్కువ కనుక మంచూ ఎక్కువే. మెట్ట మీది కల్లంలో గలగలలాడే కాయ, ఏటి ఒడ్డు కల్లంలో తెల్లవారేసరికి మెత్తబడి ఉంటుంది. అట్లా పగలు ఎండి, రాత్రి తడిసిన కాయ రంగు చెడి తాలవుతుంది. బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా పుట్టవచ్చును. గుంటూరు యార్డులో తాలుకాయ ధర ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పవలెనా? పొద్దు వాలకముందే కాయను పోగుచేసి పట్టాలు కప్పండి. పొద్దున మంచు ఆరిన తరువాతనే విప్పండి. తేమ 10, 11 శాతానికి దిగినాక బస్తాకెత్తండి.

అయితే మంచు పడిన రోజుకంటె పడని రోజునే ఎక్కువ గమనించమంటాను. వారం రోజులు వరుసగా మంచు పడి, ఒకనాడు ఉన్నట్టుండి పచ్చిక పొడిగా ఉండి, రాత్రి ఉక్కపోసి, తూర్పుగాలి తగిలిందనుకోండి. మబ్బు దుప్పటిలా కప్పడం వల్ల నేల వేడి పైకి పోలేదన్నమాట. ప్రతిసారీ వాన రాదు గాని, వచ్చే అవకాశమున్నది.

ఒక ఏడాది ఈ గుర్తు కనిపించి కూడా నేను పొరుగూరు పెళ్లికి బయలుదేరినాను. "గాలి తిరిగిందయ్యా అల్లుడూ, కాయ ఎత్తించి పో" అన్నది మా అత్త. మాఘంలో వానేమిటని నవ్వినాను. ఆ రాత్రి కురిసింది గంటసేపే. తరువాత మూడు రోజులు ఎండ మొగం లేదు. కల్లంలో ఉన్న రెండో కోత కాయ సగానికి పైగా తాలైపోయింది. ఆ ఏడు కౌలు అప్పు చేసి కట్టినాను. ఇప్పుడు మా అత్త మాటా వింటాను, వాతావరణ శాఖ సలహాలిచ్చే మేఘదూత్ యాప్ కూడా చూస్తాను. అది 2019లో వచ్చింది, తెలుగులోనూ ఉన్నది.

ఇక పిట్టల మాట. పశువుల మీద ఎక్కి కూర్చునే నల్లని పిట్ట, తోక చీలి ఉంటుంది, ఏట్రింత అంటారు. శనగ, కంది చేలలో శనగపచ్చ పురుగును ఏరుకుతినే కూలివాడు ఇతడే; కూలి మాత్రం అడగడు. ఇతడు కూర్చోవడానికి ఎకరాకు 10, 15 పంగల కర్రలు నాటితే చాలు. జొన్న చేలో మాత్రం గింజ పట్టే వేళకు కర్రలు పీకివేయండి. మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే గులాబి వన్నె గోరింకలు గుంపుగా దిగితే కంకిలో గింజ మిగలదు. వాటిని డబ్బా కొట్టి తోలండి, చంపవద్దు. పురుగునూ మిడతనూ తినేవి కూడా అవే.

వామి దగ్గర, కప్పిన పట్టా దగ్గర రక్తపింజరి చుట్టుకొని ఉండవచ్చును. దీపం లేనిదే చెయ్యి పెట్టకండి. కాటు పడితే కట్లు కట్టి, మంత్రం వేయించి పొద్దు పుచ్చవద్దు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలసిందే.

మాచర్ల అడవుల్లో మోదుగ ఎర్రగా పూచి, దక్షిణపు గాలి తిరిగినాక మంచు భయం తగ్గుతుంది. అందాకా పట్టాలు ఇంటికి చేర్చకండి, కల్లంలోనే ఉంచండి.