ఐసీయూలో దాహం

పిల్లల్ని చూడడానికి టెక్సస్‌లోని మన కాపెల్‌కు వచ్చిన అమ్మానాన్నలు ఒక్కోసారి అనుకోకుండా ఐసీయూలో చేరాల్సి వస్తుంది. ఈ రోజుల్లో వెంటిలేటర్ మీద ఉన్నవారికి కూడా మత్తుమందు వీలైనంత తక్కువే ఇస్తున్నారు. అది మంచికే. కానీ మెలకువగా ఉన్న మనిషికి నోరు పిడచకట్టుకుపోవడం తెలుస్తూనే ఉంటుంది. గొంతులో గొట్టం ఉంటే నోరు తెరిచి అడగనూ లేరు.

సెలైన్ ఎక్కుతోందిగా, దాహమేమిటి అనుకుంటాం. సెలైన్ ఒంటికి నీరు అందిస్తుంది గాని నాలుకను తడపదు. పైగా ఆక్సిజన్, కొన్ని మందులు నోటిని మరింత ఆరబెడతాయి. అలాగని గ్లాసుతో నీళ్లు పట్టకూడదు. సరిగా మింగలేనివారికి అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు.

మరి దారేమిటి? శాన్‌ఫ్రాన్సిస్కోలో కాథ్లీన్ పుంటిల్లో బృందం 252 మంది ఐసీయూ రోగులతో చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. నోట్లో చల్లటి నీటి తుంపర, తడి స్వాబ్‌తో నోరు తుడవడం, పెదవులకు మెంథాల్ పూత. ఈ మూడూ కలిపి పావుగంట సేపు చేస్తే దాహం బాగా తగ్గింది.

అందుకే, "దాహంగా ఉందా అమ్మా? అవునంటే తల ఊపు" అని మీరే అడగండి. ఆ సంగతి నర్సుకు చెప్పండి. మీరు దగ్గర లేనప్పటి కోసం తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఫెడరల్ నిధులు అందుకునే ఆసుపత్రులు ఆ సాయం ఉచితంగా చేయాలి. ఏదైనా సరే, నర్సు ఒప్పుకున్నాకే పెదవులు తడపండి.