ఆగితేనే వేడెక్కే లారీ: తప్పు ఎక్కడుంది?

మా నాన్న పాత లారీ తెనాలి నుంచి రేపల్లెకి పరిగెడుతున్నంతసేపూ సూపర్. రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబెడితే మాత్రం టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి వెళ్లిపోతుంది. బాపట్లలో ఒక మెకానిక్ "ఇంజన్ విప్పాల్సిందే" అన్నాడు. నాన్న అప్పు కోసం ఫోన్లు మొదలుపెట్టారు.

నేను బగ్ వెతికినట్టే ఆలోచించా. బండి పరిగెడితే రేడియేటర్‌కి ఎదురుగాలి తగులుతుంది. ఆగితే గాలి లాగాల్సింది ఫ్యానే. అంటే ముందు అటే చూడాలి కదా?

చూస్తే ఫ్యాన్ బెల్టు వదులు. రేడియేటర్ రెక్కల నిండా వడ్ల పొట్టు. ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన కవర్ సగం లేదు. బెల్టు బిగించాం, ఇంజన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టాం, కవర్ కొత్తది వేశాం. మళ్లీ అదే గేటు దగ్గర ముల్లు మధ్యలోనే నిలబడింది!

పరిగెడుతున్నప్పుడు కూడా వేడెక్కితే అది వేరే కథ: థర్మోస్టాట్, వాటర్ పంపు చూపించండి.

ఒక్క మాట. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. ప్రెషర్ వల్ల లోపల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఆవిరై మీదికి తన్నుకొస్తాయి. నాన్న చేతి మీద మచ్చ అలా వచ్చిందే.